మూగవి లెక్కలోకి రావు

విచారణ గదిలో తక్కెడమ్మకు కుర్చీ వేశారు. ఆమె ఆడపడుచుకు వెయ్యలేదు.

మిషను అమ్మిన మనిషికి కుర్చీ, ఆ మిషను ముందు పొద్దస్తమానం నిలబడి పనిచేసిన మనిషికి గోడ. తక్కెడమ్మ ఆ తేడా చూసింది కాని, ఆ పూట ఎవరి తరఫునా నొచ్చుకునే స్థితిలో లేదు. ఒళ్లంతా మండిపోతోంది. అదంతా ఆడపడుచు మీదే. ఏ మాటనైనా అటూ ఇటూ తూచి చూడందే తీసుకోదని బజారులో అందరూ తనను తక్కెడమ్మ అంటారు. అలాంటి తను, ఇంటి మనిషి కదా అని తూచకుండా ఈవిడను ఆసుపత్రిలో ఉద్యోగంలో పెట్టించింది. ఇప్పుడు అనుభవిస్తోంది.

ఆసుపత్రికి ఎదురుగా, రోడ్డు అవతల, పరీక్షల ల్యాబు. రక్తమో కఫమో అక్కడ చూసి, ఎవరికి ఏ జబ్బో రాసి ఆసుపత్రికి పంపుతారు. ఆ కాగితాలు తీగ మీద వెళ్లేటప్పుడు మధ్యలో ఎవరూ చదవకుండా తాళం వేసి పంపాలి. ఆ తాళాన్ని తయారుచేసేది కీ మిషను. ఆసుపత్రిలో ఒకటి, ల్యాబులో ఒకటి, రెంటి మధ్యా నేల కింద వెంట్రుకంత గాజు తీగ. ఆ జంటను కంపెనీ నుంచి తెచ్చి బిగించి, బాగోగులు చూసుకునే ఏజెన్సీ తక్కెడమ్మది. ఆసుపత్రి వైపు మిషను గదిలో పని ఆడపడుచుది.

పోయిన వారం జబ్బుల జాబితా ఊళ్లోకి పొక్కింది. అంటుజబ్బు ఉన్నవాళ్ల పేర్లు వాళ్ల యజమానుల చేతికి చేరాయి. కొందరిని పనిలోంచి తీసేశారు. ఒకావిడను ఇంటివాళ్లే గడప తొక్కనివ్వలేదు. ఆసుపత్రి ముందు అద్దం పగిలింది.

"మిషను రోజూ పరీక్ష నెగ్గింది," అన్నాడు సూపరింటెండెంటు, పక్కనున్న ప్రొఫెసరు వైపు చూసి. మిషను బిగించినప్పుడు సర్టిఫికెట్ ఇచ్చింది ఆయనే. ఆయన తల ఊపాడు. "ఏజెంటుగారు కూడా అదే చెప్తున్నారు. అవునా అమ్మా?"

"అవునండి. ఒక్కరోజు కూడా తప్పలేదు," అంది తక్కెడమ్మ.

"మిషనులోంచి తాళం బయటికి పోయే దారి లేదు. కాబట్టి పోయింది మనిషి చేతిలోంచే." సూపరింటెండెంటు గోడ వైపు తిరిగాడు. "పోయిన వారం, మంగళవారం మధ్యాహ్నం గది వదిలిపెట్టి ఎక్కడికి వెళ్లావు?"

ఆడపడుచు జవాబు చెప్పలేదు. నలభై దాటిన మనిషి, ఇంట్లో నోరు తెరిస్తే మూయించడం ఎవరి తరం కాదు. ఇక్కడ కిటికీ చువ్వల్ని చూస్తూ నిలబడింది.

"ఎవర్ని కలిశావు?"

జవాబు లేదు.

"నీ మంచికే అడుగుతున్నా. ఎక్కడికి వెళ్లావు?"

"చెప్పను," అందామె చివరికి. ఆ తర్వాత అడిగిన ప్రశ్నకు ఆ ఒక్క ముక్క కూడా అనలేదు.

"రాయమ్మా," అన్నాడు సూపరింటెండెంటు టైపిస్టుతో. "అడిగిన ప్రశ్నలకు మౌనం వహించింది. బ్రాకెట్లో, ఒప్పుకున్నట్టుగా భావించడమైనది."

టైపిస్టు వేళ్లు టకటకలాడాయి. శనివారం తీర్పు. ఉద్యోగం ఎలాగూ పోతుంది, ఆ తర్వాత పోలీసులు.

*

ఇంటికొచ్చాక తక్కెడమ్మ చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టింది.

"నోట్లో ఏం పెట్టుకున్నావమ్మా అక్కడ? ఫలానా చోటికి వెళ్లానని చెప్తే నీ సొమ్మేం పోయింది? నేనిప్పించిన ఉద్యోగం అది. రేపు బజారులో నా మొహం ఎక్కడ పెట్టుకోమంటావు?"

"రోజూ ఎక్కడ పెట్టుకుంటావో అక్కడే పెట్టుకో వదినా. బానే ఉందిగా."

తక్కెడమ్మ భర్త ఇస్త్రీపెట్టె విప్పి ముందేసుకుని కూర్చున్నాడు. చెల్లెలి వైపు చూశాడు, పెళ్లాం వైపు చూశాడు, మళ్లీ ఇస్త్రీపెట్టెలోకి తల దూర్చాడు. ఈ ఇద్దరి మధ్యా మాట వెయ్యడం కంటే కరెంటు తీగ పట్టుకోవడం నయమని అతను ఏనాడో తేల్చుకున్నాడు.

"వేళాకోళం కాదు. వెళ్లావా లేదా?"

"వెళ్లాను. ఎక్కడికో చెప్పనని ఒకరికి మాటిచ్చాను. జాబితా మాత్రం నేనివ్వలేదు. అయినా నువ్వు నమ్మవుగా. ఆ పెట్టెను పుట్టింటి నుంచి సారె తెచ్చుకున్నట్టు వెనకేసుకొస్తున్నావు."

"పెట్టె అబద్ధం ఆడదు."

"ఆడదు. మూగపోతుంది." ఆడపడుచు మంచినీళ్ల గ్లాసు ఠంగుమని బల్ల మీద పెట్టింది. "నేను మూడు ప్రశ్నలకు మూగపోతే ఒప్పుకున్నట్టని రాసుకున్నారు. నీ పెట్టె మేం రోజూ పరీక్షలో అడిగే ప్రశ్నల్లో సగానికి సగం మూగపోతుంది. దాన్నెవడన్నా ఒక్క మాటన్నాడా?"

"మూగపోవడమేమిటి?"

"దీపం వెలగదు. ఎరుపూ రాదు, పచ్చా రాదు. మేం మూగ అని గుర్తు వేస్తాం. మార్కులేసేటప్పుడు మూగవన్నీ ఏరి పారేసి, మిగతావాటికే వేస్తారు. కంపెనీ రూలు. నువ్వే కదా మాకు నేర్పించావు!"

తక్కెడమ్మే నేర్పించింది. కంపెనీవాళ్లు శిక్షణలో చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పింది. గాజు తీగ దారిలో పోయిన కాంతిరేణువులకు మార్కులుండవు, అంతే. ఆ మాటను ఆమె ఇన్నాళ్లూ తక్కెడలో వెయ్యలేదు.

ఇప్పుడు వేసి చూసింది. ధాన్యం కొనేటప్పుడు బస్తాలోకి బొంగు గుచ్చి నమూనా తీస్తారు. ఎక్కడ గుచ్చాలో కొనేవాడు చెప్పాలి. అమ్మేవాడు "అక్కడ గుచ్చితే లెక్కలోకి రాదు, ఇక్కడ గుచ్చండి" అంటే, ఆ బస్తా దించుకునే వెర్రివాడు ఏ బజారులోనూ ఉండడు.

చెప్పులు ఇంకా కాళ్లకే ఉన్నాయని అప్పుడు గుర్తొచ్చింది. విప్పింది.

*

మర్నాడు ప్రొఫెసరు తన గదికి వచ్చిన ఆమెను చూసి, విచారణ సంగతే అనుకుని ఓదార్పుగా మొహం పెట్టాడు.

"ఓదార్పు తర్వాతండి. ముందు ఆ పరీక్ష నాకు మొదట్నుంచీ చెప్పండి. బిగించిన రోజు చెప్పినట్టు గబగబా కాదు."

ఆయన చెప్పాడు. రెండు గదుల్లోనూ మిషనుకు ఒక మీట ఉంటుంది. ఎవరిష్టం వాళ్లది, పైకి వెయ్యొచ్చు, కిందికి వెయ్యొచ్చు. అదే ప్రశ్న. వెయ్యగానే ఎర్రదీపమో పచ్చదీపమో వెలుగుతుంది. అది జవాబు. రెండు గదుల్లోనూ ఒకే రంగు రావాలి. రెండు మీటలూ కిందికున్నప్పుడు మాత్రం వేరు వేరు రంగులు రావాలి. ఈ గది మిషనుకు ఆ గది మీట ఎటుందో తెలియదు. కాబట్టి జవాబులు ముందే రాసిపెట్టుకున్న దొంగ మిషను ఎంత తెలివిగా రాసుకున్నా, నాలుగింట మూడుకు మించి నెగ్గలేదు. నిజమైన క్వాంటం కాంతి, జంట రేణువులుగా పుట్టి చెరో గదికి వెళ్లేది, ఆ గీత దాటుతుంది. దాటిందంటే, ఆ జవాబులు ముందుగా ఎక్కడా రాసిలేవన్నమాట. రాసిలేని దాన్ని ఎవడూ చదవలేడు. ఆ జవాబుల్లోంచి పుట్టే తాళమూ ఎవడికీ దొరకదు.

"అందులో గొప్పేమిటంటే," అన్నాడాయన, చెబుతున్నకొద్దీ ఉత్సాహం వచ్చి, "మిషను ఎవరు చేశారో, లోపలేముందో మనకు అక్కర్లేదు. పెట్టెను నమ్మక్కర్లేదు. శత్రువు చేసిచ్చినా సరే, గీత దాటితే చాలు."

"మరి మూగవి?"

ప్రొఫెసరు ఉత్సాహం చప్పున చల్లారింది.

"గాజు తీగలో కాంతి కొంత పోతూ ఉంటుందమ్మా. పోయినవీ ఉన్నవాటిలాంటివే అనుకుని వదిలేస్తాం."

"అలా అని ఎవరు చెప్పారు?"

"...కంపెనీ."

"పెట్టెను నమ్మక్కర్లేదన్నారు. పెట్టె చేసినవాణ్ణి నమ్మమంటున్నారు."

ఆయన కళ్లజోడు తీసి తుడిచాడు. తర్వాత అడగకుండానే చెప్పాడు, లోపల మూసిపెట్టినదానికి ఎవరో తలుపు తీసినట్టు. "చూడండి, మనిద్దరం చెరో దొంగ మిషను అనుకోండి. ముందే కూడబలుక్కుందాం. ఈసారి నన్ను పైకి అని అడిగితేనే జవాబిస్తాను, మిమ్మల్ని కిందికి అని అడిగితేనే ఇస్తారు, ఇద్దరం ఎరుపంటాం. ఇంకెలా అడిగినా మూగే. ప్రతిసారీ ఇలా ఒక ఒప్పందం. మూగవి తీసేస్తే మిగిలినవన్నీ నెగ్గినవే. మరీ అన్నీ నెగ్గితే అనుమానం వస్తుందని అప్పుడప్పుడు కావాలని తప్పు చెబుతాం. గీత దాటేస్తాం. కాని మన జవాబులన్నీ ఎవడి జేబులోనో ముందే ఉన్నాయి."

"ఇది మీకు ముందే తెలుసా?"

"ఈ పని చేసే ప్రతివాడికీ తెలుసు. మూగను కూడా ఒక జవాబుగా లెక్కేస్తే ఇక మోసానికి సందుండదు. కాని ఆ లెక్కన నెగ్గే మిషన్లు చాలా అరుదు. ఆసుపత్రివాళ్లు నన్నడిగింది, కంపెనీ పద్ధతిలో నెగ్గుతోందా అని. నెగ్గుతోందన్నాను. అది అబద్ధం కాదు."

"కాదు లెండి," అంది తక్కెడమ్మ లేస్తూ. "మీరూ నేనూ అబద్ధం ఆడలేదు. పెట్టె కూడా ఆడలేదు. ఇంతమంది సత్యవంతుల మధ్య ఒక ఆడమనిషి దొంగైపోయింది. రేపు ల్యాబు వైపు గదిలో మీరు కూచుంటున్నారు."

"నేనా? సూపరింటెండెంటు ఒప్పుకోవాలి కదా?"

"ఏజెంటును నేను. ఎప్పుడైనా నా మిషను నేను చూసుకోవచ్చు. ఆయన ఒప్పుకోకపోతే, ఎందుకు ఒప్పుకోలేదో అద్దం పగలగొట్టినవాళ్లకు చెప్తాను."

*

సూపరింటెండెంటు ఒప్పుకున్నాడు. ఒక షరతు పెట్టాడు, ఆడపడుచు ఆ చుట్టుపక్కలకు రాకూడదు. తక్కెడమ్మకు అదే కావాలి. పెట్టెను నమ్మకుండా చేసే పరీక్షలో తనవాళ్లనూ నమ్మకూడదు.

వీధి చివర దర్జీ దగ్గర చొక్కా గుండీలు తెచ్చింది. నల్లవీ తెల్లవీ సమానం, ఒకటే సైజు. రెండు గుడ్డసంచుల్లో పోసింది. ఒకటి ప్రొఫెసరుకిచ్చి, ఒకటి తను ఉంచుకుంది. చూడకుండా చెయ్యి పెట్టి గుండీ తియ్యాలి. నల్లదైతే మీట కిందికి, తెల్లదైతే పైకి. గుండీ మళ్లీ లోపల వేసి సంచి కుదపాలి. ప్రశ్నలు ఎంచుకునే పని కూడా మిషనుదే అయితే, పిల్లాడి పరీక్షకు పిల్లాడే ప్రశ్నలు రాసుకున్నట్టు ఉంటుంది.

"గుండీలా!" అన్నాడు సూపరింటెండెంటు. "ఇంత పెద్ద మిషనుకు!"

"మిషను పెద్దదేనండి. అందుకే దాని చేతికివ్వట్లేదు."

మిషను గది నేలమాళిగలో. ఫ్యాను రొద తప్ప చప్పుడుండదు. తక్కెడమ్మ గాజు తీగ కొసను మెత్తటి గుడ్డతో ఒకే వైపుకు తుడిచి, ఊపిరి తగలకుండా మొహం పక్కకు తిప్పుకుని బిగించింది. తమవైపు ఏదో లోటు జరిగిందని రేపెవరూ అనకూడదు. సూపరింటెండెంటు తన సాక్షిగా టైపిస్టును పంపాడు. మౌనం వహించింది అని టైపు చేసిన అమ్మాయే. బల్ల దగ్గర కూర్చుని పెన్ను మూత తీసింది.

రెండు మిషన్లలోనూ ఒకేసారి గంట మోగినప్పుడల్లా ఈ గదిలో ఒక గుండీ, ఆ గదిలో ఒక గుండీ. మీట. దీపం.

"పైకి. ఎరుపు," అంది తక్కెడమ్మ. "కిందికి. పచ్చ. కిందికి..."

దీపం వెలగలేదు.

"మూగ మేడమ్," అంది టైపిస్టు. "వదిలెయ్యనా?"

"పచ్చ అని రాయి."

"వెలగలేదు కదా?"

"ముందే అనుకున్నాం, అవతల గదిలోనూ అంతే. వెలగకపోతే పచ్చ. జవాబు చెప్పకుండా తప్పించుకునే వీలు దానికీ ఉండకూడదు."

టైపిస్టు రాసింది. కొంతసేపటికి మళ్లీ మూగ. మళ్లీ రాసింది. మధ్యాహ్నానికి తక్కెడమ్మ భుజం లాగేసింది, వేళ్లకు గుండీల అంచులు ఒరుసుకుని ఎర్రబడ్డాయి. మూగలు మాత్రం ఆగలేదు. ఒకసారి వరసగా వస్తూనే ఉంటే టైపిస్టు పెన్ను ఆపి దీపాల వైపే చూస్తూ ఉండిపోయింది.

"మేడమ్, ఇవన్నీ రోజూ తీసేస్తున్నారా?"

"రోజూ."

"మీ ఆడపడుచుగారివి మూడే," అంది ఆ అమ్మాయి మెల్లగా. సాయంత్రం దాకా ప్రతి మూగకూ తనే పచ్చ అని రాసుకుంటూ పోయింది.

రెండు గదుల కాగితాలూ పక్కపక్కన పెట్టి ప్రొఫెసరు లెక్క తేల్చాడు. కంపెనీ పద్ధతిలో, మూగవి తీసేస్తే, గీత దర్జాగా దాటింది. మూగవాటితో కలిపి లెక్కేస్తే నాలుగింట మూడుకు చాలా కిందే ఆగిపోయింది. ఆయన రెండోసారి లెక్కేశాడు. మూడోసారి వెయ్యబోతుంటే తక్కెడమ్మ కాగితం లాక్కుంది.

ఆ సాయంత్రమే కంపెనీ మనిషి ఫోను చేశాడు.

"ఏంటమ్మా, మా సరుకు మీద మీరే బురద చల్లుతున్నారట? రేపు శనివారం ఆ కాగితం బయటపెడితే ఏజెన్సీ ఉంటుందనుకోకండి."

"మీ మిషను దొంగదని నేననను," అంది తక్కెడమ్మ. "దొంగ కాదని మీరనలేరు. ఆ మాటే చెప్తాను."

"దాంతో మీకేం లాభం?"

ఆ ప్రశ్న ఆమె తనకు తానూ వేసుకుంది. లాభం వైపు ఏమీ లేదు. ఇంకో జంట మిషన్లకు రెండు ఆసుపత్రులు బేరానికి వచ్చి ఉన్నాయి, అవీ పోతాయి. ఆడపడుచు మీద నమ్మకమా అంటే అదీ లేదు. కాని ఒకే కొట్లో రెండు రకాల తూనికరాళ్లు వాడేవాణ్ణి చూస్తే ఆమెకు ఒళ్లు తెలియదు. పెట్టెకు ఒక రాయి, మనిషికి ఒక రాయి. ఫోను పెట్టేసింది.

*

శనివారం కూడా ఆడపడుచుకు కుర్చీ వెయ్యలేదు. తక్కెడమ్మ తన కుర్చీ వెనక్కి నెట్టి, తనూ నిలబడింది.

ప్రొఫెసరు ఉన్నదున్నట్టే చెప్పాడు. తప్పించుకుని తిరుగుతాడేమోనని తక్కెడమ్మ అనుకుంది కాని, ఆయన గొంతు తగ్గించకుండా చెప్పాడు. సూపరింటెండెంటు అంతా విని, నుదురు రుద్దుకున్నాడు.

"అయితే ఏమిటి? జాబితా ఈమె ఇవ్వలేదని తేలిందా?"

"తేలలేదు," అంది తక్కెడమ్మ.

ఆడపడుచు తల చటుక్కున తిప్పి వదిన వైపు చూసింది.

"తేలలేదండి. మిషనే బయటపెట్టిందనీ తేలలేదు. కాని మీరు బుధవారం ఒక మాటన్నారు. మిషనులోంచి పోయే దారి లేదు, కాబట్టి మనిషే అన్నారు. ఆ 'కాబట్టి' పోయింది. దారి ఉంది. ఇక ఈవిడ మీద మీ దగ్గర మిగిలిందల్లా ఆ బ్రాకెట్లో మాటే."

"మౌనం మౌనమేగా? అడిగితే చెప్పలేదు!"

"మిషనూ చెప్పలేదు. దాని మౌనాన్ని ఏళ్ల తరబడి చెత్తబుట్టలో వేశారు. ఈవిడ మౌనాన్ని టైపు కొట్టించి ఫైల్లో పెట్టారు. ఏదో ఒకటి చెయ్యండి. రెంటినీ లెక్కలోకి తీసుకుంటే, ఈవిడకంటే ముందు మిషన్ను తీసెయ్యండి. రెంటినీ వదిలేస్తే ఈవిడ మీద కేసే లేదు. దానికొక రాయి, ఈవిడకొక రాయి అంటే మాత్రం, నేను ఇక్కణ్ణుంచి తిన్నగా ఆ ఉద్యోగాలు పోయినవాళ్ల దగ్గరికే వెళ్తాను."

"బెదిరిస్తున్నారా?"

"బేరం చెప్తున్నా."

సూపరింటెండెంటు కొంచెం మెత్తబడ్డాడు. అది మంచితనం కాదు, బయట అద్దం ఇంకా వెయ్యించలేదు. "సరే. గొడవెందుకు? ఆమె వచ్చి పనిలో చేరొచ్చు. మిషను అలాగే ఉంటుంది. పద్ధతి సంగతి నిదానంగా చూద్దాం."

తక్కెడమ్మ ఇంత తేలిగ్గా ముడి విడుతుందనుకోలేదు. ఏజెన్సీ నిలుస్తుంది, ఇంటి పరువూ నిలుస్తుంది. సరేననడానికి నోరు తెరవబోయింది.

"నేను చేరను," అంది ఆడపడుచు.

గదిలో అందరూ ఆమె వైపు తిరిగారు.

"ఆ మిషను నడిపే గదిలోకి నేను రాను. రేపు మళ్లీ జాబితా పోతే మళ్లీ నన్నే గోడకు నిలబెడతారు. అదొక్కటే కాదు. రోజూ జనం జబ్బులు దాన్లో వేసి పంపుతున్నారు. వాళ్లెవరూ ఇక్కడికొచ్చి నిలబడలేరు. దాన్ని ఆపండి. కాగితాలు పెట్టెలో పెట్టి తాళం వేసి రోడ్డు దాటించండి. నేనే మోస్తాను."

అంతవరకూ తల ఎత్తని టైపిస్టు, "ఆ బ్రాకెట్లో మాట కొట్టెయ్యనా సార్?" అంది. సూపరింటెండెంటు అవుననలేదు, కాదనలేదు. ఆ అమ్మాయి కొట్టేసింది.

పగిలిన అద్దం సంగతి తలుచుకుని సూపరింటెండెంటు మిషను ఆపించే కాగితం తెప్పించాడు, దాని మీద ఏజెంటు సంతకం కావాలి. తక్కెడమ్మ పెన్ను పట్టుకుని ఆడపడుచు వైపు చూసింది. తను చేతికందించిన బేరాన్ని ఈ మనిషి మొహం మీద కొట్టింది. కోపం ముంచుకొచ్చింది. అయినా సంతకం పెట్టింది, నిబ్బు కాగితంలోకి దిగేలా.

నేలమాళిగలో మిషన్ను తనే ఆపింది. ఫ్యాను చివరి చుట్టు తిరిగి నిలిచిపోయింది.

*

బయట బస్టాపులో ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు. ఆడపడుచే ముందు మాట్లాడింది.

"మంగళవారం ఎక్కడికెళ్లానో అడగవా?"

"అడగను. చెప్పనన్నావుగా."

"నమ్మి అడగడం లేదా, నమ్మక అడగడం లేదా?"

ఏదో ఒకటి చెప్పి సర్దేయొచ్చు. బజారులో రోజూ అలాంటి మాటలు వందమందికి చెబుతుంది. తక్కెడమ్మ రోడ్డు వైపు చూసింది, బస్సు ఇంకా రాలేదు.

"నమ్మలేదు," అంది. "మొదటి రోజు నమ్మలేదు. పరీక్ష చేసిన రోజూ నమ్మలేదు. నిన్ను నమ్మక్కర్లేకుండానే నిన్ను బయటపడెయ్యాలని చూశాను."

"ఇప్పుడు?"

"ఇప్పుడు... అక్కడ చేరనన్నావే, అప్పుడు నమ్మాను."

"ఆలస్యమైంది వదినా," అంది ఆడపడుచు. గొంతులో వెటకారం లేదు. అందుకే తక్కెడమ్మకు ఎక్కువ తగిలింది.

బస్సు వచ్చింది. ఆడపడుచు ముందు ఎక్కి, ఇద్దరు కూర్చునే సీట్లో కిటికీ పక్కకు జరిగి, సంచి తీసి పక్క సీట్లో పెట్టింది. తక్కెడమ్మ ఎదురుగా కడ్డీ పట్టుకుని నిలబడింది. కూచుంటానని అనలేదు, ఆమె కూచోమనలేదు. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా ఒరిగిపోయి, ఎర్రబడ్డ వేళ్లతో కడ్డీని మళ్లీ పట్టుకుంటోంది.

కండక్టరు వచ్చి సంచిని చూసి విసుక్కున్నాడు. "మనుషులు నిలబడ్డారు కదమ్మా. ఆ సీటు ఎవరిది?"

"మా వదినది," అంది ఆడపడుచు, సంచి తియ్యకుండానే.